బడులు తెరిచే నెలలో

జగిత్యాల,
జూన్ మొదటి వారం.

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు,

  

నీ ఉత్తరం అందింది. 12వ తారీకున బడులు తెరుస్తరు, ఆ పొద్దు వాడకట్టు పిల్లలంతా కొత్త యూనిఫాం వేసుకొని ఆటోలెక్కి పోతుంటే పాప వాకిట్ల నిలబడి చూస్తదేమో, అది చూసి నా ధైర్యం జారిపోతదేమో అని రాసినవు. సంక్రాంతి సెలవుల తర్వాత పాపను బడికి పంపుడు ఆపినప్పుడు ఉన్న నమ్మకంల ఇప్పుడు సగం కూడా మిగల్లేదన్నవు. అత్తమ్మ నీతో సరిగ మాట్లాడుతలేదు, తోటికోడలు ఫోన్ చేసినప్పుడల్లా తన కొడుకు మార్కులు చెప్తున్నది, అల్లుడు ఒకనాడు సరే అంటడు, ఒకనాడు ఆలోచించుకుందాం అంటడు. ఇదంతా రాసి, చివరికి "పెద్దమ్మా, నేను పాప బతుకుతో ఆడుకుంటున్ననా?" అని అడిగినవు. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కల జవాబు చెప్పి తప్పించుకోవాలని నాకు లేదు. అందుకే ఉత్తరం పొడుగైతది, ఓపికగ చదువు.

నేనెవరినో నీకు తెలుసు. సర్కారు బడిల పంతులమ్మగ చేసి రిటైరైన దాన్ని. ప్రతి జూన్‌ల బడిబాట అని ఇల్లిల్లు తిరిగి, బడికి రాని పిల్లల చేయి పట్టుకొని తీసుకపోయిన దాన్ని. అందుకే నీ సంగతి విన్న చుట్టాలంతా నేను నిన్ను మందలిస్తనని ఎదురు చూసిన్రు. నేను మందలించలేదు. నీ పక్కన ఉంటనని అప్పుడు చెప్పిన, ఇప్పుడూ చెప్తున్న. కాని పక్కన ఉండుడంటే నువ్వన్న ప్రతి మాటకు తల ఊపుడు కాదు. నీకు కావాల్సిన ధైర్యం ఎక్కడినుంచి రావాలె అన్నదాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ఎదుటివాళ్ల నోరు మూయించే జవాబులు ఎన్ని నేర్చుకున్నా అది రాదు. పాపను దగ్గరినుంచి చూస్తే వస్తది. చూసినదాన్ని బట్టి దారి మార్చుకునే మనసుంటే నిలుస్తది.

ముందు మీ అత్తమ్మ సంగతి. ఎందుకంటే నిన్ను అన్నిటికన్న ఎక్కువ కుంగదీస్తున్నది ఆమె మౌనమే అని నాకు అర్థమైంది.

మీ అత్తమ్మ కోరుట్లలో పుట్టింది, కోరుట్లలోనే పెరిగింది. ఆమె చిన్నతనంల కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల దిక్కు ఆడపిల్లకు వేళ్లు కుదిరినయంటే బీడీల చాట ముందల కూసోబెట్టుడే. తునికాకు నానబెట్టాలె, కొలత పెట్టి కత్తిరించాలె, తంబాకు పోసి చుట్టాలె, దారం కట్టాలె. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అమ్మ చుడుతుంటే బిడ్డ ఆకు కత్తిరిస్తది, రెండేండ్లు గడిస్తే బిడ్డే చుడుతది, ఇంక బడి లేదు. సిరిసిల్లలో అయితే మరమగ్గాల సాంచెల కాడ కండెలు చుట్టే పిల్లలు, పల్లెల్లో పత్తి చేన్లకాడ, గొర్లకాడ పిల్లలు. మీ అత్తమ్మకు బడి అంటే ఇష్టం ఉండెనా లేదా అని ఎవరూ అడగలేదు. తన కొడుకులను చదివించుకోవడానికే ఆమె ఇన్నేండ్లు నడుము వంచి కూర్చున్నది. ఇప్పుడు చదువుకున్న కోడలు వచ్చి, మనవరాలిని తన చేతులతోనే బడి మాన్పించింది. ఆమె కండ్లకు బడి మానిన ఆడపిల్ల అంటే చాట ముందల కూర్చున్న పిల్లనే కనబడతది. ఆ కోపం పాత కాలం మనిషి మొండితనమని నువ్వు అనుకుంటే అన్యాయం.

మా తరం పంతుళ్లు కూడా అట్లనే ఆలోచించినం. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని మొదలుపెట్టి, బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని తేల్చి చెప్పింది. పేదవాళ్లకు పిల్లల కూలి తప్పదన్న మాటను ఒప్పుకోలేదు. వేల పిల్లలను పనులనుంచి తప్పించి, బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో ఉంచి, వయసుకు తగిన తరగతిల కూర్చోబెట్టింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. బడి బయట ఉన్న పిల్ల బాలకార్మికురాలే అన్న మాట మాకు పాఠమైంది. ఇప్పటికీ అది నిజమనే నేనంట.

మరి నీ పాపకు, ఆ పిల్లలకు తేడా ఏంది? బడికి పోకపోవుడు ఇద్దరికీ ఒక్కటే. వాళ్ల పొద్దు ఇంటి సంపాదన కోసం గడిచింది, నీ పాప పొద్దు పాపదే. తేడా అంతే, కాని అది చాలా పెద్ద తేడా. ఆ తేడా దానంతట అది నిలబడదు, నువ్వు కాపాడాలె. ఇంట్లనే ఉన్నది కదా అని చిన్నోన్ని ఎత్తుకొమ్మంటవు. నువ్వు కుట్టు మిషన్ మీద కూర్చుంటే బియ్యం కడగమంటవు. కోరుట్ల పోతే నానమ్మకు సాయం చేయమంటరు. ఒక్కొక్కటి చూస్తే చిన్న పనులే, పిల్లలు ఇంటి పని నేర్చుకోవాలె కూడా. కాని ఆడపిల్ల ఇంటి పట్టున ఉంటే పనులు ఒక్కొక్కటి ఆమె మీదికి జారుతయి, ఏడాది తిరిగేసరికి పొద్దంతా ఆ పనుల్లోనే పోతది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టొద్దంటది. ఇంటివాళ్ల సొంత పనిల సాయం చేయొచ్చు గాని, బడి వేళలు అయినంక, సెలవుల్లో మాత్రమే. అది కూడా ప్రమాదకరమైన పని కావొద్దు. బీడీలు చుట్టుడు 1986 చట్టం నుంచే ప్రమాదకరమైన పనుల పట్టికల ఉంది. బడి వేళలే లేని పిల్లకు ఆ గీత ఎవరు గీయాలె? నువ్వే. చాట దగ్గరికి, సాంచె దగ్గరికి పాప చూడటానికి పోవచ్చు, చేయటానికి కాదు. ఈ మాట అత్తమ్మ ముందర అల్లుని నోటితో చెప్పించు. ఆమె భయంల సగం అక్కడే తగ్గుతది.

మిగతా సగం తగ్గాలంటే ఆమెతో వాదించకు, ఆమెను అడుగు. నువ్వు ఎన్నో తరగతిల బడి మానినవు, అప్పుడు ఏం చదువుతుంటివి, ఎవరు మాన్పించిన్రు అని. పాపను పక్కన కూర్చోబెట్టుకొని అడుగు. ఆ ఇంట్ల ఎవరూ ఎన్నడూ ఆమెను ఈ ముచ్చట అడిగి ఉండరు.

ఇప్పుడు నీ మనసుల ఉన్న రెండో భయం. బడి మానిన నాటినుంచి పాప పొద్దెక్కినదాక నిద్రపోతది, టీవీ చూస్తది, ఏమీ తోస్తలేదంటది, నేను ఊహించుకున్నట్టు పుస్తకాలు పట్టుకొని ఉరుకుతలేదు అన్నవు. బిడ్డా, పసుపు తవ్వంగనే అమ్మకానికి రాదు. ఉడకాలె, ఎండాలె. పాప నర్సరీ నుంచి మూడో తరగతి దాక గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చొని అలవాటు పడ్డది. ఇప్పుడు ఆ గంట లేదు. తన పొద్దు తనే నింపుకోవాలంటే కొన్నాళ్లు ఖాళీగ ఉండాలె. ఈ తొవ్వల ముందు నడిచిన తల్లిదండ్రులు ఒక లెక్క చెప్పుకుంటరు. బడిల గడిపిన ఒక్కో ఏడాదికి కనీసం ఒక్కో నెల ఆగాలె అని. అది శాస్త్రం కాదు, అనుభవం మీద చెప్పే మాట. కాని పంతులమ్మగా నాకది సబబే అనిపిస్తది. వేసవి సెలవుల మొదటి పది రోజులు పిల్లలు ఎట్లుంటరో, ఆ తర్వాత ఎట్ల మారుతరో నేను చూసిన.

నీ భయం నీ ఒక్కదానిది కాదు. బడి లేకుండ పిల్లలు తమంతట తామే నేర్చుకుంటరన్న ఆలోచనకు అన్‌స్కూలింగ్ అని పేరు పెట్టిన జాన్ హోల్ట్ కూడా పంతులే. అమెరికాల అయిదో తరగతి పిల్లలకు చెప్తూ, తెలివైన పిల్లలు తరగతిల ఎందుకు భయపడుతున్నరు, జవాబు కోసం ఎందుకు టీచర్ ముఖం వంక చూస్తున్నరు అని రాసుకుంటూ పోయిండు. 1964లో అది పుస్తకమైంది. బడులను బాగుచేద్దామని చాలా ఏండ్లు తిరిగి, చివరికి 1977లో బడి లేకుండ పిల్లలను పెంచుతున్న ఇండ్ల కోసం ఒక పత్రిక పెట్టిండు. అందుల ఎక్కువ భాగం తల్లిదండ్రుల ఉత్తరాలే. మా అమ్మ తిడుతున్నది, పక్కింటివాళ్లు అడుగుతున్నరు, పిల్లోడు లెక్కలు ముట్టుకుంటలేడు అని. సిరిసిల్లలో కూర్చొని నువ్వు నాకు రాసిందే వాళ్లు అక్కడ రాసుకున్నరు.

2013లో అచ్చయిన ఒక పరిశీలన కోసం పీటర్ గ్రే, జీనా రైలీ అనే ఇద్దరు ఇట్లాంటి 232 కుటుంబాలను అడిగిన్రు, మీకు అన్నిటికన్న కష్టమైంది ఏంది అని. చదువు చెప్పుడు కష్టమని కాదు, చుట్టూ ఉన్నవాళ్ల మాటలు, తమ లోపల పాతుకుపోయిన బడి ఆలోచనలు కష్టమని ఎక్కువమంది చెప్పిన్రు. తర్వాత ఇట్ల పెరిగి పెద్దయిన 75 మందిని అడిగితే, 83 శాతం మంది ఏదో ఒక తీరు పై చదువులకు పోయినవాళ్లే ఉన్నరు. ఈ అంకెలు చూసి నువ్వు ఎగిరి గంతెయ్యొద్దు. వాళ్లు తమంతట తాము ముందుకొచ్చి జవాబు చెప్పినవాళ్లు, కష్టపడినవాళ్లు ఎంతమంది ముందుకు రాలేదో ఆ లెక్కల కనబడదు. దేశమూ వేరు, ఇండ్లల్ల ఉన్న డబ్బూ వేరు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొక సంగతి. ఆ 75 మందిల ముగ్గురు మాత్రం మాకిది మేలు చేయలేదు అన్నరు. వాళ్లు చెప్పిన బాధ చదువు రాలేదని కాదు. ఇల్లు సరిగ లేదు, నలుగురిలో కలవనీయలేదు, ఒంటరిగ పెరిగినం అని. పాప చదువు గురించి నువ్వు ఎంత భయపడుతున్నవో, పాప నలుగురి మధ్య ఉండుడు గురించి అంతకన్న ఎక్కువ ఆలోచించు. సాయంత్రం వాడకట్టు పిల్లలు బడినుంచి వచ్చే వేళకు పాప వాకిట్ల ఉండాలె. ఆ రెండు గంటలు ట్యూషనో, టీవీయో మింగొద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్త. నీ ఉత్తరంల ఒక పేజీ నిండా పాప ఏం చేయలేదో రాసినవు. మధ్యల రెండు మూడు చోట్ల, మాటల సందున, పాప ఏం చేసిందో నీకు తెలియకుండనే రాసినవు. నేను వాటి కింద పెన్సిల్‌తో గీత గీసుకున్న.

దుబాయిల ఉన్న కాక వీడియో కాల్ చేసినప్పుడు, మనకు చీకటి పడ్డది, కాకకు ఇంక ఎండ ఎందుకుంది అని పాప అడిగిందన్నవు. నువ్వు గంటన్నర తేడా అని చెప్పి పనిల పడ్డవు. పాప ఊరుకోలేదు. మరి కువైట్‌ల ఉన్న దోస్తు వాళ్ల బాపుకు ఎంత తేడా, అమెరికాకు ఎంత, అక్కడ ఇప్పుడు నిద్రపోతున్నరా అని నిన్ను సతాయించిందని రాసినవు. సతాయింపు అన్నవు గాని, నేనైతే దాన్ని పాఠం అంట. భూమి తిరుగుడు, పగలు రాత్రి, తూర్పు పడమర, గంటల కూడికలు తీసివేతలు అన్నీ ఆ ఒక్క ప్రశ్నల ఉన్నయి. తరగతిల ఇదే సంగతి నేను గ్లోబు పట్టుకొని చెప్తే సగం మంది కిటికీ బయట చూస్తుండే. ఆ ప్రశ్న వాళ్లది కాదు, నాది. కాకను రోజూ చూసే పాపకు అది తన ప్రశ్న. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల ఏ ఇల్లు చూసినా గల్ఫ్ ముచ్చట లేకుండ ఉండదు. ఇక్కడి పిల్లలకు భూగోళం అన్నది మనుషులు దూరం పోయిన బాధతోనే మొదలైతది. పాప ఆ ప్రశ్న అడిగినప్పుడు కాక ఎప్పుడొస్తడు అన్న ప్రశ్న కూడా దాని వెనక ఉందేమో చూడు.

ఇంకొకటి. కోరుట్లలో నానమ్మ బీడీల కట్టలు లెక్కపెడుతుంటే, వెయ్యి బీడీలకు ఎన్ని కట్టలు అని పాప అడిగిందట. కట్టకు ఇరవై అయిదు అయితే నలభై అని నానమ్మ కన్నార్పకుండ చెప్పిందట. నాకు చదువు రాదు అనే మనిషి ఆమె. పాప ఇంటికొచ్చి, మరి అయిదువందలకు? ఏడువందల యాభైకి? అని తనే చేసుకుంటూ పోయింది. నువ్వు రాసింది ఇది: "ఎక్కాలు మాత్రం నేర్చుకుంటలేదు." బిడ్డా, ఆ వాక్యం చదివి నాకు నవ్వు రాలేదు, బాధ అనిపించింది. పాప భాగహారం దాకా పోయింది, నువ్వు ఎక్కాల పుస్తకం తెరవలేదని కుమిలిపోతున్నవు. నానమ్మ నోటి లెక్కను పాప ముందర మెచ్చుకో. నానమ్మకు, పాపకు ఇద్దరికీ అది అవసరం.

అందుకే ఒక పని చెప్త, ఇది తప్పకుండ చెయ్యి. ఒక నోట్‌బుక్ పెట్టుకో. పాపకు కాదు, నీకు. రాత్రి పిల్లలు పడుకున్నంక ఆ రోజు పాప ఏం అడిగింది, దేని మీద ఎక్కువసేపు నిలబడ్డది, దేనికి చిరాకు పడ్డది అన్నది నాలుగు వాక్యాలు రాయి. మెచ్చుకోకు, దిగులు పడకు, చూసింది చూసినట్టు రాయి. నెల చివర్ల చదువుకుంటే, పాప మనసు ఎటు నడుస్తున్నదో నీకే కనబడతది. అల్లుడు ఆలోచించుకుందాం అన్న రోజున ఆ పుస్తకం ఆయన చేతిల పెట్టు. ఆయన పొద్దంతా బయట ఉంటడు, ఖాళీగ ఉన్న పాపను తప్ప ఇంకేం చూస్తడు? మీ ఇద్దరి మాట ఒక్కటి కావాలంటే ఇద్దరూ ఒకే పాపను చూసి ఉండాలె. వారంల ఒక పూట పాప ఆయనతోనే ఉండేటట్టు కూడా చెయ్యి.

చూడటం అంటే నాకు 'రైలుబడి' పుస్తకం యాదికొస్తది. టోక్యోల ఒక చిన్న పిల్లను బడినుంచి పంపేస్తే, వాళ్లమ్మ ఇంకో బడికి తోలుకపోతది. అక్కడి హెడ్‌మాస్టర్ కొబయాషి గారు ఆ పిల్ల చెప్పేది నాలుగు గంటలు విన్నడు. ఆ పుస్తకం, గిజుభాయి 'పగటి కల', చలం 'బిడ్డల శిక్షణ' నీకోసం తీసి పెట్టిన. గిజుభాయి వకీలు పని విడిచి 1920లో భావనగర్‌ల బాలమందిరం పెట్టినాయన. చలం గారు కొంత కాలం బడుల ఇన్‌స్పెక్టర్‌గ చేసినాయన. వీళ్లెవరూ అన్‌స్కూలింగ్ అనలేదు. కాని పిల్లను మనిషిగ చూడాలన్నది వాళ్లదగ్గర నేర్చుకోవచ్చు.

ఇంక నేను నీతో ఒప్పుకోని సంగతులు. ఏది చేసినా పాప ఇష్టమే, మనం ఏదీ పెట్టొద్దు అని నువ్వు ఒకచోట రాసినవు. అది నేను ఒప్పుకోను. ఎనిమిదేండ్ల పిల్ల తన ముందర లేని దాన్ని ఎట్ల కోరుకుంటది? ఇంట్ల పుస్తకాలు లేకుండ చదువు మీద ఇష్టం రావాలంటే రాదు. నీ పని పాఠం చెప్పుడు కాకపోవచ్చు, కాని ముందర పెట్టుడు నీ పనే. సిరిసిల్ల లైబ్రరీల పాపను మెంబర్‌గ చేర్పించు. 'మంచి పుస్తకం' ప్రచురణల వాళ్ల చిన్న పుస్తకాలు తెప్పించు. పడుకునే ముందు నువ్వు చదివి వినిపించు. ఫోన్ విషయంల కూడా అంతే. పాప ఫోన్‌ల ఏం చూస్తున్నదో పక్కన కూర్చొని చూడు. రోజంతా ఫోన్ చేతిల ఉంటే అది స్వేచ్ఛ కాదు, పాప పొద్దును ఇంకొకరు నింపుతున్నట్టు.

చదవడం గురించి. బడి లేకుండ పెరిగే పిల్లలు కొందరు నాలుగేండ్లకే చదువుతరు, కొందరు పదేండ్లు దాటినంక చదువుతరు. పాప బస్సు బోర్డులు కూడబలుక్కుంటున్నదంటే, వేములవాడ, కోరుట్ల అని చదువుతున్నదంటే తొందర లేదు. వత్తుల కాడ తడబడుతున్నదన్నవు, తెలుగు చదివే ప్రతి పిల్లా అక్కడ తడబడేదే. కాని అక్షరాలు తారుమారు అవుతున్నయి, బోర్డు దగ్గరికి పోతేనే కనబడుతున్నది, పిలిస్తే పలుకుతలేదు అంటే కండ్లు, చెవులు చూపించు. పిల్ల తనంతట తనే నేర్చుకుంటదన్న నమ్మకంతో డాక్టర్ చూడాల్సిన సంగతిని ఏండ్ల తరబడి వాయిదా వేయొద్దు. ఈ మాట మీద నేను చాలా గట్టిగ ఉన్న.

ఆరు నెలలకొకసారి సర్కారు బడి నాలుగో తరగతి పుస్తకాలు తెచ్చి నువ్వు చదువు. పాపకు పరీక్ష పెట్టడానికి కాదు. ఆ వయసు పిల్లలు ఏం చదువుతున్నరో నీకు తెలిసి ఉండాలె, రేపు పాప బడికి పోతానంటే ఎంత దూరంల ఉందో తెలియాలె. పుస్తకాల వంక చూడొద్దనే వాళ్లు ఉంటరు. వాళ్ల మాట వినకు.

మన చుట్టుపక్కల చూపించవలసినవి తక్కువేం లేవు. సిరిసిల్లలో పడుగు ఏంది, పేక ఏంది, చప్పుడు చేసే సాంచె ఎట్ల గుడ్డ నేస్తది అన్నది తెలిసినవాళ్ల కార్ఖానల, బెల్టులకు దూరంగ నిలబెట్టి చూపించు. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు చలికాలం పోయేటప్పుడు పసుపు తవ్వుతరు, ఉడకబెడతరు. మా జగిత్యాల దగ్గర పొలాసల వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. మనం తినే జగిత్యాల సన్నాలు, జేజీఎల్ 1798, అక్కడ పుట్టిన వడ్లే. అన్నం మీద పాపకు ఎన్ని ప్రశ్నలున్నా జవాబు చెప్పేవాళ్లు అక్కడున్నరు.

మీ సిరిసిల్లకు దగ్గరి హనుమాజీపేటనే చూడు. కవి సి.నారాయణరెడ్డి (సినారె) గారు 1931లో అక్కడ పుట్టిన్రు. బడిల చదివింది ఉర్దూ మీడియం. తెలుగు మీద ఆ మమకారం ఎక్కడిది అంటే, చిన్నప్పుడు ఊర్ల విన్న హరికథలు, జంగం కథలు, జానపదాలు అని చెప్పుకునేవారు. ఒగ్గు కథ చెప్పిన మిద్దె రాములు గారిదీ ఆ ఊరే. బడి ఇయ్యనిది ఊరు ఇచ్చింది. అట్లని సినారె బడి వదిలిపెట్టలేదు, డాక్టరేట్ దాక చదివిన్రు, 1988కి జ్ఞానపీఠం అందుకున్నరు. ఆయనను చూపించి బడి అక్కర్లేదు అని ఎవరితోనూ వాదించకు. అది నిజం కాదు. పాపను బతుకమ్మకు, ఒగ్గు కథకు, జాతరకు తీసుకపో. అది చాలు. అట్లనే ఎవరో ఇంట్ల చదివి విదేశీ యూనివర్సిటీల సీటు కొట్టిన పిల్ల ముచ్చట చెప్పి మీ అత్తమ్మను మెప్పించాలని చూడకు. పాప నెత్తిన ఆ బరువు పెట్టినట్టైతది.

ఇంక చట్టం సంగతి. బడిబాటకు వచ్చే టీచర్లు, బడి బయటి పిల్లల సర్వేకు వచ్చే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు (సీఆర్‌పీలు) మీ ఇంటికి వస్తరు. రావాలె కూడా, అది వాళ్ల పని. వాళ్లు రాకపోతే నిజంగ పనిల ఉన్న పిల్లలు ఎవరికి దొరుకుతరు? తలుపేసుకోకు, అబద్ధం చెప్పకు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, పాపను ముందర నిలబెట్టి మాట్లాడు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు చదువు హక్కు అంటది. పిల్లను బడిల చేర్పించుడు తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెప్తది. చేర్పించకపోతే ఇది శిక్ష అని మాత్రం అందుల లేదు, ఇంట్ల చదువుకునే పిల్లల గురించి పేరెత్తి చెప్పనూ లేదు. అందుకని నువ్వు చట్టానికి అడ్డంగ నిలబడ్డట్టు మాట్లాడకు, చట్టం నీకు రాసిచ్చిందన్నట్టూ మాట్లాడకు. పాప చదువు ఆగలేదని చూపించు. నీ నోట్‌బుక్ అప్పుడు కూడా పనికొస్తది.

అదే చట్టం 4వ సెక్షన్‌ల నీకు ధైర్యమిచ్చే మాట ఉంది. బడికి పోని పిల్ల, మధ్యల మానిన పిల్ల ఎప్పుడొచ్చినా వయసుకు తగిన తరగతిల చేర్చుకోవాలె, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇయ్యాలె. మేము బ్రిడ్జి కోర్సు పిల్లల కోసం వాడుకున్న తలుపే అది, నీ పాపకు కూడా తెరిచే ఉంటది. పదో తరగతికి రెండు తొవ్వలున్నయి. 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ఒకటి, మన తెలంగాణ ఓపెన్ స్కూల్ ఒకటి. పద్నాలుగేండ్లు నిండితే పదో తరగతి రాయొచ్చు. ఎన్‌ఐఓఎస్‌ల తెలుగుల కూడా రాయొచ్చు, అన్ని సబ్జెక్టులు ఒక్కసారే రాయాలని లేదు, అయిదేండ్ల గడువు ఉంటది. ఇంక ముందే కావాలంటే మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన పరీక్షలు కూడా వాళ్లదగ్గర ఉన్నయి. పాపకు ఎనిమిదేండ్లే. ఇవన్నీ ఇప్పుడే మొదలుపెట్టేందుకు చెప్తలేను, రాత్రి నిద్ర పట్టనప్పుడు యాది చేసుకునేందుకు చెప్తున్న.

12వ తారీకు గురించి. ఆ పొద్దు పాపను ఇంట్ల దాచకు. వాకిట్ల నిలబడితే నిలబడనియ్యి, దోస్తులకు టాటా చెప్పనియ్యి. ముఖం చిన్నబోతే, ఏమైందని అడిగి విను. దోస్తులతో పోవాలనిపిస్తున్నదా, బడికి పోవాలనిపిస్తున్నదా, రెండూ ఒకటి కాదు. దోస్తుల కోసమైతే సాయంత్రాలు చూసుకో. నిజంగనే బడికి పోతనంటే, ఒకసారి కాదు, వారం పది రోజులు అదే మాట మీద ఉంటే, బ్యాగు కొనిచ్చి తోలుకపో. నువ్వు ఓడినట్టు కాదు. బడి మాన్పించినప్పుడు పాప మాట విన్నవు, అప్పుడు కూడా పాప మాట విన్నట్టే. ఈ తలుపు మనసుల తీసి పెట్టుకుంటే ఇప్పటి భయం సగం పోతది, నమ్ము.

అడిగేవాళ్లకు పొడుగు జవాబులు అక్కర్లేదు. "ఈ ఏడాది ఇంట్ల చదువుకుంటున్నది" అను, ముచ్చట మార్చు. జాన్ హోల్ట్ పేరు తోటికోడలు దగ్గర ఎత్తకు. ఆమె కొడుకు మార్కులు వచ్చినయంటే మనస్ఫూర్తిగ సంతోషపడు, ఆ పిలగాడు కష్టపడ్డడు.

నీ సంగతి కూడా ఒకటి. ఉత్తరం నిండా పాపే ఉంది, నువ్వు ఎక్కడా లేవు. రోజంతా ఇద్దరు పిల్లలతో ఉండి, కుట్టు పని చేసుకుంటూ, అందరి మాటలు పడుతూ ఉంటే ఎవరికైనా నమ్మకం తగ్గుతది. అది అలసట, దాన్ని తప్పు చేసినట్టుగ లెక్కపెట్టకు. వారంల ఒక మధ్యాహ్నం పిల్లలను కోరుట్ల పంపు, అత్తమ్మకు మనవరాలు దొరుకుతది, నీకు నిద్ర దొరుకుతది. ఇట్ల పిల్లలను పెంచుతున్న ఇంకో ఇల్లు దగ్గర్ల దొరికితే దోస్తీ చెయ్యి. దొరకకపోతే కరీంనగర్, హైదరాబాద్ దాక వెతుకు. అంతవరకు నాకు రాయి.

పదిహేనో తారీకు దాటినంక పిల్లలను తీసుకొని రా. పాపను పొలాసకు, జగిత్యాల ఖిల్లాకు నేను తీసుకపోత, నువ్వు ఇంట్ల పడుకో. వచ్చేటప్పుడు పాత బడినుంచి టీసీ, రికార్డ్ షీట్ తెచ్చుకున్నవో లేదో చూసుకో. తెచ్చుకోకపోతే ఈ వారంలనే పోయి అడుగు, జూన్ దాటితే ఆఫీసుల ఎవరికీ తీరిక ఉండదు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులతో కలిపి ఒక ఫైల్‌ల పెట్టి తీసుకరా, ఇద్దరం ఒకసారి చూద్దాం.

మీ పెద్దమ్మ